కాలువ నాచులో మయోసిన్ నడక: చూడటం, కొలవడం

కణంలోని అణుయంత్రాల గురించి, అంటే కదులుతూ పనిచేసే ప్రొటీన్ల గురించి నేర్చుకోవడం యానిమేషన్ వీడియోలతో మొదలుపెట్టకండి. వాటిలో యంత్రాలు తడబడకుండా నడుస్తాయి. నిజమైన కణంలో నీటి అణువుల తాకిడికి అన్నీ ఊగిసలాడుతూనే ఉంటాయి. ముందు అసలు కదలికను కళ్లారా చూడాలి. అందుకు కావలసిన హైడ్రిల్లా నాచు గోదావరి డెల్టా పంట కాలువల్లో, బోదెల్లో దొరుకుతుంది. వేసవిలో కాలువలు కట్టేస్తే చెరువులో వెతకండి. మందు చల్లిన చేపల చెరువు మాత్రం వద్దు, రాగి సల్ఫేటు తగిలిన ఆకు పనికిరాదు.

రెమ్మను అదే నీటితో గాజు సీసాలో వేసి గంటసేపు వెలుతురులో ఉంచండి, ఎర్రటి ఎండలో కాదు. చివరన ఉన్న లేత ఆకును నలగకుండా తుంచి, స్లైడు మీద అదే నీటి చుక్కలో పరవండి. కవర్ స్లిప్‌ను ఒక అంచు ఆనించి మెల్లగా వాల్చాలి, లేకపోతే గాలి బుడగలు చిక్కుతాయి. ఆకు మందం 2 కణాలే, కోయక్కర్లేదు. 400 రెట్లలో (40 రెట్ల ఆబ్జెక్టివ్, 10 రెట్ల ఐపీసు) మధ్య ఈనె దగ్గరి పొడుగు కణాల మీద ఫోకస్ చేసి ఆగండి. కాసేపటికి హరితరేణువులు గోడ వెంబడి ఒకదాని వెనక ఒకటి బయల్దేరి, మూలలో మళ్లి, ఎదుటి గోడ పక్కగా వెనక్కొస్తాయి. పావుగంటైనా కదలకపోతే ఆకు ముదిరిందో, నలిగిందో, మార్చేయండి. నీటి అణువుల తాకిడికి ఉన్నచోటే వణికేది బ్రౌనియన్ చలనం, దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక కొలత. 4 రెట్ల ఆబ్జెక్టివ్ కింద పారదర్శక స్కేలు పెట్టినప్పుడు కనిపించే వృత్తం వెడల్పు 4.5 మిల్లీమీటర్లుంటే, 40 రెట్ల ఆబ్జెక్టివ్ దగ్గర అది 450 మైక్రోమీటర్లు. అందులో 5 కణాలు పడితే ఒక్కోటి 90. దాన్ని రేణువు 15 సెకన్లలో దాటితే వేగం సెకనుకు 6 మైక్రోమీటర్లు. ఇక్కడి యంత్రం మయోసిన్-11 అనే నడిచే ప్రొటీన్. ఆక్టిన్ అనే మరో ప్రొటీన్ తీగల మీద అడుగుకు సుమారు 35 నానోమీటర్లు, అడుగుకో ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు. అంటే సెకనుకు దాదాపు 170 అడుగులు. మయోసిన్లు లాగే కణంలోని చిన్న సంచులతో పాటు కణద్రవ్యమూ జరుగుతుంది, రేణువులు ఆ వాలులో కొట్టుకుపోతాయి కాబట్టి ఇది అంచనాయే. ఆ ఏటీపీని 1929లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించిన ఎల్లాప్రగడ సుబ్బారావు పుట్టింది భీమవరంలో. ఇక్కడి బడుల్లో ఈ ప్రయోగం చేయించేటప్పుడు ఆ సంగతి తప్పక చెప్పాలి.

స్లైడును 5 నిమిషాలు ఐసు మీద ఉంచితే నడక మందగిస్తుంది, వెచ్చబడితే మళ్లీ అందుకుంటుంది. మరిగే నీటిలో ముంచిన ఆకునూ పక్కన పెట్టుకోండి. నీరు ఆరుతూ ఆకు మొత్తం జరిగినా కదలికలాగే అనిపిస్తుంది, ఆ అనుమానం ఉడికిన ఆకుతో తీరుతుంది.

ఆ తర్వాతే ప్రొటీన్ల ఆకృతులు ఉంచే ప్రొటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్‌లో 1బీఎంఎఫ్ అనే నమూనా తెరవండి. ఏటీపీని తయారుచేసే యంత్రంలో ఒక భాగమది, ఆవు గుండెలోంచి తీసింది. అందులోని బీటా అనే మూడు ప్రొటీన్ గొలుసుల్లో ఒకదానిలో ఏడీపీ (ఏటీపీ ఖర్చయ్యాక మిగిలే అణువు), ఒకదానిలో ఏటీపీని పోలిన అణువు ఉంటాయి, మూడోది ఖాళీ. మధ్యలోని గామా గొలుసు 120 డిగ్రీలు తిరిగినప్పుడల్లా ఆ మూడింటి స్థితులు ఒకదాని నుంచి మరోదానికి మారతాయి.