ఇంటింటికీ బయల్దేరే ముందు: రోగి గుట్టు కాపాడే జాగ్రత్తలు

పరకాల, నర్సంపేట వైపు ఊళ్లలో ఒక ఇంటి ముచ్చట వాడకట్టంతా తెలియడానికి ఎంతోసేపు పట్టదు. టీబీ గోలీలు ఇవ్వడానికో, బీపీ, షుగర్ చూడడానికో తిరిగే ఆశా అక్కలు, ఏఎన్ఎంలు ముందే ఇవి చూసుకోండి.

- రిజిస్టర్ సంచిలోనే ఉండాలి. రాసేటప్పుడు మిగతా పేర్లు కనపడకుండా అట్టముక్క కప్పండి.

- అరుగు మీద నలుగురుంటే జబ్బు పేరు ఎత్తొద్దు. అయితే టీబీ ఉన్న ఇంట్లోనే లోపలికి వెళ్తే ఊరికి అర్థమైపోతుంది. అందుకే ప్రతి ఇంట్లోనూ లోపలే మాట్లాడడం అలవాటు చేసుకోండి. కోడలి రిపోర్టు అత్తగారు అడిగినా, సర్పంచ్ అడిగినా ఇవ్వొద్దు. సొంత ఊళ్లో ఈ మాట చెప్పడం నిజంగా కష్టం. "ఎవరి రిపోర్టయినా వాళ్లకే చెప్పాలి అత్తమ్మా, మీదైనా అంతే" అంటే నొచ్చుకోరు.

- ఫోన్‌కు లాక్ పెట్టండి. రిపోర్టు ఫొటో వాట్సాప్ గ్రూపుల్లో వద్దు. డాక్టర్‌కు పంపాలంటే రోగిని అడిగి, ఆ ఒక్కరికే పంపి, పనయ్యాక తీసేయండి.

- హెచ్ఐవీ విషయంలో మరీ జాగ్రత్త. 2017 నాటి హెచ్ఐవీ, ఎయిడ్స్ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప, రోగి సమ్మతి లేకుండా ఆ విషయం బయటపెట్టకూడదు.

- వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి రాసిన రెఫరల్ చీటీ మడిచి రోగి చేతికే ఇవ్వండి, ఆటో డ్రైవర్‌కు కాదు.