పాటీ ట్రైనింగ్ ఇరుక్కుపోయిందా? పిల్లల్ని తిట్టేముందు మోషన్ చూడండి

పాటీ ఏది కొనాలి, డైపర్ ఎప్పుడు తీయాలి లాంటివి ఇక్కడ ఉండవు, అవి మీకు తెలిసే ఉంటాయి. డైపర్ తీసేశారు, పాటీ మీద కూర్చోబెట్టారు, ఓ పదిరోజులు బ్రహ్మాండంగా నడిచింది, అందరికీ గొప్పగా చెప్పుకున్నారు కూడా, తర్వాత ఏమైందో ఏమో మొత్తం తల్లకిందులైంది, ఇది వాళ్ళకోసం. నా ముగ్గురు, చెల్లెలి ఇద్దరు, ఆ తర్వాత ఫ్రెండ్స్ పిల్లలు, ఇలా ఎన్నిసార్లు ఈ పంచాయితీ తీర్చానో లెక్క మర్చిపోయా.

ఎవరు ఫోన్ చేసినా ముందు నేనడిగేది ఒక్కటే, లాస్ట్ మోషన్ ఎప్పుడెళ్ళాడు, చూట్టానికి ఎలా ఉంది? "అబ్బే, అదంతా బానే ఉందక్కా, రోజూ వెళ్తాడు, వీడిది ఒట్టి మొండితనం" అంటారు. నువ్వు చూశావా అంటే లేదు, ఫ్లష్ చేసేశాం అంటారు. ఇంకేం మాట్లాడను.

పాటీ చూస్తేనే ఏడుపు

కారణం చాలావరకు తొందరపడటం. 18 నెలల నుంచి 3 ఏళ్ళ మధ్య ఎప్పుడైనా రెడీ అవ్వచ్చు, పక్కింటి పాప 20 నెలలకే అయిపోయిందని మీవాడు కూడా అవ్వాలని రూలేం లేదు. ఓ రెండు గంటలు తడవకుండా ఉంటున్నాడా, నిక్కర్ తనంతట తను కిందికి లాక్కోగలడా, వస్తోందని మాటతోనో సైగతోనో చెప్తున్నాడా. ఇవేవీ లేకపోతే నెలరోజులు ఆపేయండి, పాటీ అటక మీద పెట్టేయండి, కొంపలేం మునిగిపోవు.

పెద్ద టాయిలెట్ మీద కూర్చోబెడుతుంటే కాళ్ళు గాల్లో వేలాడుతున్నాయేమో చూడండి. కాళ్ళకి ఆనిక లేకపోతే పడిపోతానేమోనన్న భయంలోనే ఉంటాడు, ఒళ్ళంతా బిగుసుకునే ఉంటుంది, ఇంక మోషన్ ఎక్కడొస్తుంది. కింద ఓ చిన్న పీట వేయండి, మోకాళ్ళు తుంటి కంటే కాస్త పైకి రావాలి. ఫ్లష్ శబ్దానికి భయపడుతుంటే పిల్లాడు బయటికొచ్చాక ఫ్లష్ చేయండి. దీనికింతే.

ఉచ్చకి కూర్చుంటాడు, కక్కకి మాత్రం కూర్చోడు / నిక్కర్లో మరకలు / అయిపోయిన ట్రైనింగ్ మళ్ళీ మొదటికొచ్చింది

ఇవి మూడు వేర్వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ చాలాసార్లు వీటన్నిటి వెనకా ఉండేది ఒకటే దొంగ. మలబద్ధకం. మీరనుకునే మలబద్ధకం కాదు, అంటే నాలుగు రోజులకోసారి ముక్కీ ముక్కీ వెళ్ళడం ఒక్కటే కాదు. రోజూ వెళ్తున్న పిల్లల్లో కూడా ఉంటుంది, లూజ్ మోషన్స్ లాగా కూడా కనిపిస్తుంది. నేను బోల్తా పడింది అక్కడే.

మా రెండోవాడికి అప్పుడు మూడేళ్ళు దాటాయి. ఆర్నెల్లుగా నిక్కర్ ఒక్కసారి కూడా పాడుచేయలేదు, సడన్‌గా రోజుకి నాలుగైదు సార్లు నిక్కర్లో పల్చగా, మరకలు మరకలుగా. నేనేమనుకున్నాను, కడుపు చెడింది అనుకున్నా. పళ్ళు ఆపేశా, కూరగాయలు ఆపేశా, మోషన్ గట్టిపడే తిండి పెట్టా. రెండు వారాలకి వాడికి అన్నం సయించడం కూడా పోయింది, పొట్ట ఉబ్బింది, మరకలు ఇంకా ఎక్కువయ్యాయి. అడిగితే "నాకు తెలీలేదమ్మా" అనేవాడు, అబద్ధం చెప్తున్నాడని రెండు తగిలించా కూడా, ఆ సంగతి ఇప్పటికీ గుర్తొస్తే మనసు ఎలాగో ఉంటుంది. చివరికి డాక్టర్ పొట్ట మీద చెయ్యేసి నొక్కి చూసి, లోపల రాళ్ళలాగా పేరుకుపోయిందమ్మా, నువ్వు లూజ్ మోషన్ అనుకునేది ఆ గడ్డల పక్కనుంచి జారుతున్న నీళ్ళు అన్నారు. నేను రెండు వారాలపాటు చేసిందంతా సరిగ్గా రివర్స్.

ఇది ఎలా జరుగుతుందో చెప్తా, ఇది అర్థమైతే మిగతాదంతా తేలిక. ఎప్పుడో ఒకసారి మోషన్ గట్టిగా వస్తుంది, జ్వరం వచ్చి నీళ్ళు సరిగ్గా తాగకపోయినా, ఊరెళ్ళి కొత్త టాయిలెట్‌కి వెళ్ళనని ఆపుకున్నా చాలు. అది వచ్చేటప్పుడు నొప్పి పుడుతుంది, ఒక్కోసారి అక్కడ చిన్న చీలిక కూడా పడుతుంది. పిల్లాడి బుర్రలో ఒక్కటే పడిపోతుంది, కక్క అంటే నొప్పి. మళ్ళీ వచ్చినప్పుడు బిగబడతాడు. బిగబట్టిన కొద్దీ పేగు అందులో నీళ్ళు లాగేసుకుంటుంది, ఇంకా గట్టిపడుతుంది, ఇంకా పెద్దదవుతుంది, ఈసారి నొప్పి ఇంకా ఎక్కువ. ఇలా వారాలు గడిచేసరికి మలం వచ్చి ఆగే చివరి పేగు సాగిపోతుంది. సాగిపోయాక నిండిందన్న సిగ్నల్ పిల్లాడికి అందదు. వెనకనుంచి వచ్చే పల్చటి మలం ఆ గడ్డల పక్కసందుల్లోంచి జారి నిక్కర్లో పడుతుంది, అది పడుతున్నట్టు వాడికి నిజంగానే తెలీదు. వాసన మీకొస్తుంది, వాడికి రాదు, రోజంతా ఆ వాసనలోనే ఉంటాడు కాబట్టి ముక్కు అలవాటుపడిపోతుంది. కాబట్టి "తెలీలేదు" అంటే నమ్మండి.

ఆ నిండిన పేగు పక్కనే ఉన్న మూత్రాశయాన్ని నొక్కుతుంది, అందుకే ఉచ్చ విషయంలో కూడా తేడా వస్తుంది, మాటిమాటికీ పోయడం, ఉన్నట్టుండి నిక్కర్ తడిపేయడం, రాత్రి పక్క తడపడం. మీరేమో ఉచ్చ ప్రాబ్లం అనుకుని దాని వెంట పడతారు.

పట్టుకోవడం ఎలా అంటే, ముందు ఆ బిగబట్టే భంగిమ గమనించండి. మునివేళ్ళ మీద నిలబడతాడు, కాళ్ళు కత్తెరేసుకుంటాడు, పిర్రలు బిగిస్తాడు, మొహం ఎర్రగా అవుతుంది, కర్టెన్ వెనక్కో మంచం పక్కకో వెళ్ళి దాక్కుంటాడు. అందరూ దీన్ని చూసి "పాపం ముక్కుతున్నాడు, ట్రై చేస్తున్నాడు" అనుకుంటారు, కాదండీ, బయటికి రాకుండా ఆపుతున్నాడు. రెండోది, మోషన్ చూడండి, ఒక వారంపాటు ఫ్లష్ చేసేముందు చూడండి, చీదరగా ఉన్నా సరే. డాక్టర్ల దగ్గర బ్రిస్టల్ చార్ట్ అని ఒక బొమ్మల పట్టిక ఉంటుంది, 1997లో వచ్చింది, మలాన్ని 7 రకాలుగా విడదీస్తుంది. విడివిడి గట్టి ఉండలు 1, ఉండలన్నీ అతుక్కుని గడ్డలా ఉంటే 2, ఈ రెండూ మలబద్ధకమే, రోజూ వస్తున్నా సరే. 3, 4 మంచివి, కాస్త పగుళ్ళున్నా నున్నగా ఉన్నా పొడుగ్గా వస్తాయి. ఇంకో గుర్తు, చాలారోజులకోసారి పెద్దవాళ్ళకి కూడా రానంత లావుగా వచ్చి టాయిలెట్ జామ్ అవుతుంటే ఇంక అనుమానమే అక్కర్లేదు.

ఇప్పుడు ఏం చేయాలి. మొదటి పని, పాటీ ట్రైనింగ్ ఆపేయండి. అవును, ఆపేయండి. కక్కకి డైపర్ అడిగితే మాట్లాడకుండా డైపర్ వేయండి, కడుపులో బిగబట్టుకోవడం కంటే డైపర్‌లో వెళ్ళడం వెయ్యి రెట్లు నయం. తర్వాత డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఎందుకంటే లోపల పేరుకుపోయింది ఒక్క పళ్ళతో నీళ్ళతో కదలదు, ఆ స్టేజ్ దాటిపోయింది. సాధారణంగా నీళ్ళలో కలిపి తాగించే పౌడర్ రాస్తారు, పాలీఇథిలీన్ గ్లైకాల్ అని, అది నీటిని మలంలోనే పట్టి ఉంచి మెత్తబరుస్తుంది. లేదంటే లాక్టులోజ్ సిరప్. మొదట కొన్నిరోజులు ఎక్కువ డోస్‌తో లోపలున్నదంతా ఖాళీ చేయిస్తారు, ఆ తర్వాత రోజూ తక్కువ డోస్. ఖాళీ అయ్యే రోజుల్లో ఇల్లంతా గోలగోల అవుతుంది, మరకలు పెరుగుతాయి కూడా, కంగారుపడి మందు ఆపకండి. డోస్ మాత్రం డాక్టర్ చెప్పిందే, నన్నడగద్దు, బరువుని బట్టి మారుతుంది. లూజ్ మోషన్ ఆపే మందులు ఇంట్లో ఉన్నాయి కదా అని వేసేయద్దు. ఎనిమాలూ గట్రా ఇంట్లో సొంతంగా మొదలుపెట్టద్దు, అసలే అక్కడ భయం, దానిమీద ఇదొకటి.

ఇక అందరూ చేసే తప్పు. మందు వేశారు, వారంలో మోషన్ మెత్తగా వచ్చింది, హమ్మయ్య అని ఆపేశారు. మూడు వారాల్లో మళ్ళీ మొదటికి. సాగిన పేగు మళ్ళీ మామూలు సైజుకి రావడానికి వారాలు కాదు, నెలలు పడుతుంది. కనీసం 2 నెలలు వాడాలి, అన్నీ సర్దుకున్నాక ఇంకో నెల చూసి మెల్లమెల్లగా తగ్గించాలి, పాటీ ట్రైనింగ్ మధ్యలో ఉన్న పిల్లలకైతే ట్రైనింగ్ పూర్తయ్యేదాకా మందు ఆపద్దనే చెప్తారు. అన్ని నెలలు వాడితే అలవాటైపోదా అని పెద్దవాళ్ళు గొడవ చేస్తారు, ఆ మందులతో పేగు బద్ధకించిపోదు, ధైర్యంగా వాడండి.

మందు నడుస్తుండగా ఇంకో మూడు పనులు. మోషన్ మెత్తబడి వాడికి భయం తగ్గాక, తిన్న అరగంట లోపు ఓ ఐదు నిమిషాలు పాటీ మీద కూర్చోబెట్టండి, కడుపులో తిండి పడగానే పేగు దానంతటదే కదులుతుంది, ఆ టైమ్ వాడుకోండి. కాళ్ళకింద పీట మర్చిపోవద్దు, గొంతుక్కూర్చున్నట్టు ఉంటేనే దారి తిన్నగా అవుతుంది. బుడగలు ఊదమనండి, ఊదేటప్పుడు పొట్ట కండరాలు సరిగ్గా పని చేస్తాయి, ముక్కమని చెప్పక్కర్లేదు. వస్తే సరే, రాకపోతే సరే, కూర్చున్నందుకే మెచ్చుకోండి. ఇంకా, పాలు చూసుకోండి. రోజుకి అర లీటరు దాటి పాలు తాగే పిల్లలకి ఆకలి చచ్చిపోతుంది, ఇంక పళ్ళూ కూరలూ ఎవరు తింటారు. పాలు తగ్గించి నీళ్ళు పెంచండి.

మోషన్ బానే ఉంది, ఉచ్చ మాత్రం నిక్కర్లోనే

నిజంగా బానే ఉందా? పైది ఇంకోసారి చదవండి. సరే, బానే ఉంది అనుకుందాం. ప్రతి పది నిమిషాలకీ "ఉచ్చ వస్తోందా, వస్తోందా" అని అడుగుతున్నారేమో, ఎవరికైనా విసుగొస్తుంది, మీకెవరైనా అలా అడిగితే తెలుస్తుంది. అడగడం మానేసి పనుల మధ్యలో పెట్టేయండి, నిద్రలేవగానే, బయటికి వెళ్ళేముందు, స్నానానికి ముందు, మొత్తమ్మీద రెండు మూడు గంటలకోసారి. "వెళ్తావా" అంటే వద్దనే అంటాడు, "పద, వెళ్ళొచ్చి ఆడుకుందాం" అనండి. ఆడపిల్లలకి ఉచ్చ పోసి లేచాక కాసేపటికి నిక్కర్ కొంచెం తడుస్తుంటే మోకాళ్ళు దగ్గరగా పెట్టి కూర్చుంటున్నారేమో చూడండి, నిక్కర్ పూర్తిగా కిందికి లాగి కాళ్ళు ఎడంగా పెట్టిస్తే పోతుంది. పోసేటప్పుడు మంటని ఏడ్చినా, జ్వరం ఉన్నా, వాసన ఘాటుగా మారినా యూరిన్ టెస్ట్ చేయించండి, అది ట్రైనింగ్ సమస్య కాదు.

రాత్రి పక్క తడుపుతున్నాడు

అయిదేళ్ళ లోపైతే అసలు సమస్యే కాదు, నేర్పితే వచ్చేది కూడా కాదు, దుప్పటి కింద ప్లాస్టిక్ షీట్ వేసి పడుకోండి. ఆర్నెల్లు బాగా ఉండి మళ్ళీ కొత్తగా మొదలై, దాంతోపాటు దాహం విపరీతంగా వేస్తూ, బరువు తగ్గుతుంటే మాత్రం ఆ రోజే షుగర్ టెస్ట్ చేయించండి.

చంటిబిడ్డ వచ్చాక పెద్దది మళ్ళీ డైపర్ అడుగుతోంది

అడుగుతుంది మరి. చంటిదాన్ని రోజంతా ఎత్తుకుని తిరుగుతున్నారు, దీన్నేమో "వెళ్ళి పాటీ మీద కూర్చో" అంటున్నారు. నాకు పనిచేసింది బేబీ క్యారియర్. చంటిదాన్ని ఛాతీకి కట్టేసుకుంటే రెండు చేతులూ ఖాళీ, పెద్దదాని పక్కన కూర్చుని కబుర్లు చెప్పచ్చు. కట్టుకునేటప్పుడు చంటిదాని మొహం మీకు ఎప్పుడూ కనిపిస్తుండాలి, తల వంచితే ముద్దుపెట్టేంత ఎత్తులో ఉండాలి, గడ్డం ఛాతీకి ఆనిపోకూడదు, ఊపిరి ఆడదు, మోకాళ్ళు పిర్రల కంటే కొంచెం పైకి ఉండాలి. పెద్దదాన్ని కడగడానికి వంగేటప్పుడు నడుం దగ్గర వంగద్దు, ఒక చెయ్యి చంటిదాని వీపు మీద పెట్టి మోకాళ్ళ మీద కిందికి దిగండి, లేకపోతే అది పక్కనుంచి జారుతుంది, మీ నడుమూ పోతుంది.

అరుదైనవి

పుట్టిన 48 గంటల్లో మొదటి నల్ల మలం రాకుండా, అప్పట్నుంచీ మలబద్ధకమే ఉంటే హిర్ష్‌స్ప్రంగ్ అనే పేగు జబ్బు ఉందేమో చూడమనండి. థైరాయిడ్, వెన్నెముక సమస్యలు కూడా ఉంటాయి, నాకెప్పుడూ తగల్లేదు. పొట్ట ఉబ్బి ఆకుపచ్చగా వాంతులు అవుతున్నా, కాళ్ళల్లో బలం తగ్గినా, నడుం కింద గుంటో వెంట్రుకల కుచ్చో ఉన్నా, బరువు పెరగకపోయినా ఈ పీటలూ బుడగలూ అన్నీ పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, ఆకుపచ్చ వాంతులైతే అప్పటికప్పుడే. వెళ్ళేటప్పుడు వారం రోజుల మోషన్ వివరాలు, ఏ రోజు ఎలా వచ్చిందో, కాగితం మీద రాసుకెళ్ళండి, వాళ్ళు కూడా ముందు అదే అడుగుతారు.