రాజ్యాంగం, పాలన పేపర్‌లో వ్యాసరూప సమాధానాలు బలంగా రాయడం ఎలా?

నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి ప్రాంతాల్లో డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదువుతున్నవారికీ, జిల్లా గ్రంథాలయాల్లో కూర్చుని గ్రూప్‌-1 మెయిన్స్‌కు తెలుగు మాధ్యమంలో సిద్ధమవుతున్నవారికీ విషయం తెలియక పోయే మార్కుల కంటే, తెలిసిన విషయాన్ని అడిగిన ప్రశ్నకు జవాబుగా మలచకపోవడం వల్ల పోయే మార్కులే ఎక్కువ. ఏళ్ల తరబడి చదివినవారు కూడా ప్రశ్నపత్రంలో ‘పంచాయతీరాజ్’ అనే మాట కనబడగానే తమకు గుర్తున్నదంతా వరుసగా రాసుకుంటూ పోతారు. జవాబు పత్రం దిద్దేవారు మాత్రం ఒక్క సంగతే వెతుకుతారు: ప్రశ్న ముందుంచిన సందేహంపై అభ్యర్థి ఏమి తేల్చాడు, అలా తేల్చడానికి ఏ ఆధారం చూపాడు? ఇక్కడ చెప్పే పద్ధతి అంతా దీని చుట్టూనే తిరుగుతుంది. అర్థం కావడానికి ఒకే ప్రశ్నను చివరిదాకా పట్టుకుని నడుద్దాం.

మొదటి పని: ప్రశ్నను విడదీయడం

“గ్రామ పంచాయతీలను స్వపరిపాలన సంస్థలుగా తీర్చిదిద్దడంలో 73వ రాజ్యాంగ సవరణ ఎంతవరకు సఫలమైంది? తెలంగాణ అనుభవం ఆధారంగా విమర్శనాత్మకంగా పరిశీలించండి.”

కలం కదపడానికి ముందు ఈ ప్రశ్నలో నాలుగు చోట్ల గీత గీయాలి. ‘73వ సవరణ’ విషయం. ‘స్వపరిపాలన సంస్థలు’ కొలబద్ద. ఆ మాట 243జి అధికరణలోనిదే కాబట్టి, దానితోనే సవరణను కొలవమని అడుగుతున్నారు. ‘తెలంగాణ అనుభవం’ హద్దు. ‘ఎంతవరకు’, ‘విమర్శనాత్మకంగా’ అనేవి మనం చేయవలసిన పని.

ఈ నాలుగింటిలో కొలబద్దను వదిలేయడమే తరచుగా జరిగే పొరపాటు. బల్వంతరాయ్ మెహతా కమిటీ (1957) నుంచి మొదలుపెట్టి అశోక్ మెహతా, జి.వి.కె. రావు, ఎల్.ఎం. సింఘ్వీ కమిటీల మీదుగా 1992 దాకా రావడానికి ఒక పేజీ ఖర్చవుతుంది. పంచాయతీరాజ్ పరిణామక్రమాన్ని వివరించమని అడిగి ఉంటే ఆ పేజీకి మార్కులు వచ్చేవి. ఇక్కడ అడిగింది సవరణ సాధించినదీ సాధించలేకపోయినదీ గనుక, కమిటీలకు ఒక వాక్యం మించి చోటు లేదు. ‘వివరించండి’ అంటే విషయాన్ని క్రమంగా విడమరచి చెప్పాలి, ‘చర్చించండి’ అంటే రెండు వైపుల వాదనలూ పెట్టాలి, ‘విమర్శనాత్మకంగా పరిశీలించండి’ అంటే ఆ వాదనలను తూచి మన నిర్ణయం చెప్పాలి. ఈ మూడింటికీ ఒకే రకమైన జవాబు రాసేవారు సగం మార్కుల దగ్గరే ఆగిపోతారు.

రెండో పని: వాదాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవడం

చిత్తుపని కోసం ఇచ్చిన చోట, జవాబు మొత్తం నిలబెట్టబోయే నిర్ణయాన్ని ఒక వాక్యంగా రాసుకోండి. మన ప్రశ్నకు అది ఇలా ఉండవచ్చు: “73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ఉనికినీ, సామాజిక ప్రాతినిధ్యాన్నీ తప్పనిసరి చేసింది; అధికారాలనూ నిధులనూ మాత్రం రాష్ట్ర ప్రభుత్వాల నిర్ణయానికి వదిలింది; అందుచేత తెలంగాణలో ప్రాతినిధ్యం పెరిగినంతగా స్వపరిపాలన పెరగలేదు.”

ఈ వాక్యాన్ని ఎవరైనా కాదనవచ్చు. కాదనడానికి వీలుండటమే దాని బలం. “73వ సవరణ ప్రజాస్వామ్యంలో ఒక మైలురాయి” అన్న వాక్యాన్ని ఎవరూ కాదనరు. కాబట్టి దాన్ని నిరూపించే పనీ ఉండదు, అది జవాబును ఎటూ నడిపించదు. వాదం కుదరకపోతే ప్రశ్నను మళ్లీ చదవండి గాని, రాస్తూ పోతే తర్వాత అదే తేలుతుందని మొదలుపెట్టకండి. పరీక్ష హాలులో అలా తేలేసరికి సమయం అయిపోతుంది.

మూడో పని: ఆధారాన్ని వాదంలో కలపడం

అసలు కష్టమంతా ఇక్కడే ఉంది కాబట్టి కొంచెం నెమ్మదిగా చూద్దాం. సాధారణంగా కనిపించే ఒక పేరా ఇలా ఉంటుంది:

“73వ సవరణ చాలా ముఖ్యమైనది. ఇది 1993 ఏప్రిల్ 24 నుంచి అమలులోకి వచ్చింది. దీనివల్ల మహిళలకు రిజర్వేషన్లు వచ్చాయి. పంచాయతీలకు 29 అంశాలపై అధికారాలు ఇచ్చారు. ఇది గ్రామ స్వరాజ్యానికి దారితీసింది.”

తేదీ సరైనదే, రిజర్వేషన్ల మాటా నిజమే. అయినా ఏ వాక్యానికీ పక్క వాక్యంతో సంబంధం లేదు. పైగా 29 అంశాలపై అధికారాలు ఇచ్చారన్న మాట రాజ్యాంగంలో ఉన్నదానికి భిన్నం. అదే విషయాన్ని వాదంతో కలిపితే ఇలా మారుతుంది:

“పంచాయతీలు స్వపరిపాలన సంస్థలుగా పనిచేయడానికి అవసరమైన అధికారాలను రాష్ట్ర శాసనసభ చట్టం ద్వారా ఇవ్వవచ్చునని 243జి అధికరణ చెబుతుంది గాని, ఇచ్చి తీరాలని చెప్పదు. ఈ వెసులుబాటు వల్ల పదకొండో షెడ్యూలులోని 29 అంశాలు పంచాయతీల అధికార పరిధిగా కాక, రాష్ట్రం తన ఇష్టం మేరకు బదిలీ చేయగలిగిన పనుల జాబితాగా మిగిలాయి. సీట్ల రిజర్వేషన్‌ను తప్పనిసరి చేసిన 243డి అధికరణతో పోలిస్తే, ప్రాతినిధ్యం ఎందుకు వేగంగా వచ్చిందో, అధికారం ఎందుకు రాలేదో తెలుస్తుంది.”

రెండో పేరాలో మొదట ఒక మాట చెప్పారు, దానికి రాజ్యాంగంలోని ఆధారం చూపారు, ఆ ఆధారం వల్ల ఏమి తేలిందో చెప్పారు. ‘అందువల్ల ఏమిటి?’ అని ఎవరైనా అడిగితే పేరాలోనే జవాబు దొరకాలి. ప్రతి పేరా చివర ఈ ప్రశ్న మీకు మీరే వేసుకోండి. జవాబు దొరకని పేరాను ఒక వాక్యానికి కుదించండి.

తెలంగాణ అనుభవం దగ్గరికి వచ్చేసరికి దక్షిణ తెలంగాణ విద్యార్థికి దూరం వెళ్లవలసిన అవసరం లేదు. 2018 తెలంగాణ పంచాయతీరాజ్ చట్టంతో 500 లేదా అంతకు మించిన జనాభా ఉన్న తండాలు, గూడేలు వేరే గ్రామ పంచాయతీలయ్యాయి. దేవరకొండ, అచ్చంపేట వైపు తండాల వారికి ఇది కళ్లెదుట జరిగిన మార్పు: పెద్ద ఊరి పంచాయతీలో ఒకటి రెండు వార్డులకే పరిమితమైన లంబాడా కుటుంబాలు సొంత సర్పంచిని ఎన్నుకోగలిగాయి. ప్రాతినిధ్యం పెరిగిందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ వెతకనక్కరలేదు. అయితే అదే ఉదాహరణ రెండో వైపూ పనికొస్తుంది. దుకాణాలు, సంతలు, పెద్ద కట్టడాలు లేని చిన్న తండాకు ఇంటి పన్ను తప్ప చెప్పుకోదగిన సొంత ఆదాయం ఉండదు కనుక, ఎన్నికైన సర్పంచి పై నుంచి వచ్చే నిధుల కోసమే ఎదురుచూడాలి. ఒకే వాస్తవంతో సాధించినదాన్నీ, లోటునూ చూపించగలిగితే ‘విమర్శనాత్మకంగా’ అన్న మాటకు అక్కడే న్యాయం జరుగుతుంది.

ఎన్నికల క్రమబద్ధత గురించి కూడా జాగ్రత్తగా రాయాలి. పదవీకాలం ముగిసేలోగా ఎన్నికలు పూర్తిచేయాలని 243ఇ అధికరణ స్పష్టంగా చెబుతుంది. తెలంగాణలో 2019 జనవరిలో ఎన్నికైన గ్రామ పంచాయతీ పాలకవర్గాల గడువు 2024 ఫిబ్రవరి మొదటికల్లా ముగిసింది. మళ్లీ ఎన్నికలు 2025 డిసెంబరులో జరిగాయి. ఆ మధ్యకాలమంతా ప్రత్యేకాధికారులే పాలించారు. “ఐదేళ్లకోసారి ఎన్నికలు తప్పనిసరి అయ్యాయి” అని రాసి ఆపేసిన జవాబుకూ, ఆ తప్పనిసరి నియమం కూడా ఆచరణలో ఎలా సడలిందో చూపిన జవాబుకూ మధ్య తేడా దిద్దేవారికి వెంటనే కనిపిస్తుంది.

స్థానిక ఉదాహరణ ఎప్పుడు పనికొస్తుంది?

మన ప్రాంతపు విషయాలు జవాబుకు ప్రాణం పోస్తాయి గాని, అవి ఏదో ఒకదాన్ని నిరూపించినప్పుడే. ఎన్నికల సంస్కరణలపై ప్రశ్న వస్తే, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానం నుంచి 480 మంది పోటీలో నిలిచిన సంగతి రాయవచ్చు. ఫ్లోరైడ్ నీటి సమస్యను దేశం దృష్టికి తేవడానికి ప్రజలు ఎంచుకున్న నిరసన మార్గమది. అంతటితో ఆపితే అది విశేషం మాత్రమే. అదే సంవత్సరం ప్రజాప్రాతినిధ్య చట్టాన్ని సవరించి లోక్‌సభ అభ్యర్థి ధరావతును 500 రూపాయల నుంచి 10,000 రూపాయలకు పెంచారని చెప్పి, నామమాత్రపు అభ్యర్థిత్వాలను అరికట్టే ఆ చర్య పేదల నిరసన హక్కుపై కూడా భారం వేసిందా అని తూచినప్పుడు అది వాదనగా మారుతుంది.

కృష్ణా జలాలపై ప్రశ్న వచ్చినప్పుడు పాలమూరు విద్యార్థి కలంలో ఆవేదన పొంగుకొస్తుంది. వలసబతుకు చూసినవారికి అది సహజమే, ఆ ఆవేదన నిజమైనదే. కాని అడిగింది సమాఖ్య వ్యవస్థ గురించి అయితే, 262 అధికరణ, 1956 అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం, 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్, 2014 పునర్వ్యవస్థీకరణ చట్టం కింద వచ్చిన కృష్ణా నదీ యాజమాన్య బోర్డు, ఇవన్నీ వివాదాన్ని ఎందుకు తొందరగా తేల్చలేకపోతున్నాయో చెప్పాలి. ఏ పార్టీని నిందించినా, ఏ నాయకుణ్ని పొగిడినా జవాబు సభలో చేసే ప్రసంగమైపోతుంది.

నాలుగో పని: ఎదుటి వాదనకు చోటివ్వడం

మన నిర్ణయానికి వ్యతిరేకంగా చెప్పగలిగిన అత్యంత బలమైన మాటను ఎంచుకుని, దాన్ని నిజాయితీగా రాసి, ఆ తర్వాత జవాబు చెప్పాలి. మన ప్రశ్నలో ఆ మాట ఇది: దేశంలోని రాష్ట్రాలన్నీ ఒకే తీరుగా లేవు కాబట్టి, అధికారాల బదిలీని శాసనసభలకు వదలడం సమాఖ్య స్ఫూర్తికి తగినదే. ఈ వాదనలో బలముందని ఒప్పుకుని, రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని ఐదేళ్లకోసారి నియమించాలన్న 243ఐ అధికరణ అలాంటి వైవిధ్యాన్ని కాదనకుండానే రాష్ట్రాలపై కొంత బాధ్యత పెట్టిందనీ, లోపం వెసులుబాటు ఇవ్వడంలో కాక కనీస హద్దు పెట్టకపోవడంలో ఉందనీ చెప్పవచ్చు. తేలికగా ఓడిపోయే బలహీనమైన వాదనను ఎదురుపెట్టుకుని గెలిచినట్టు రాయడం దిద్దేవారిని మెప్పించదు.

ఉపోద్ఘాతం, ముగింపు

వీటిపై అనవసరంగా సమయం పెడతారు. ఉపోద్ఘాతంలో మహాపురుషుల సూక్తులు వద్దు. గుర్తున్న సూక్తి ఆ మహానుభావుడు నిజంగా అన్నదేనా అన్న సందేహమూ ఉండనే ఉంటుంది. ప్రశ్నలోని కీలక మాటకు అర్థం ఒక వాక్యంలో, మీ నిర్ణయం మరో వాక్యంలో చెబితే చాలు. ముగింపులో పైన రాసినవాటినే మళ్లీ రాయకుండా, వాదం నుంచి సహజంగా వచ్చే ఒకటి రెండు సంస్కరణలు సూచించండి: ఏయే పనులు ఏ స్థాయి పంచాయతీవో చట్టంలోనే స్పష్టంగా నిర్దేశించడం, రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసులపై తీసుకున్న చర్యను శాసనసభ ముందు గడువులోగా ఉంచడం వంటివి.

సమయం, భాష

150 మార్కుల పేపర్‌కు మూడు గంటలంటే మార్కుకు 72 సెకన్లు. 10 మార్కుల జవాబుకు 12 నిమిషాలు. అందులో మొదటి రెండు నిమిషాలు విడదీయడానికీ, వాదానికీ కేటాయించాలి. ఆ రెండు నిమిషాలు వృథా అనిపిస్తుంది గాని, మిగిలిన పది నిమిషాల్లో కొట్టివేతలు లేకుండా రాయించేది అదే. బాగా తెలిసిన జవాబుకు ఇరవై నిమిషాలు పెట్టి, చివరి ప్రశ్నను అసలు ముట్టుకోకపోవడం కంటే నష్టం మరొకటి ఉండదు.

పరిభాష విషయంలో నిలకడ కావాలి. ఒకచోట ‘అధికరణ’ అనీ, మరోచోట ‘ప్రకరణ’ అనీ, ఇంకోచోట ‘ఆర్టికల్’ అనీ రాయకుండా ఏదో ఒకటి ఎంచుకోండి. సంఖ్య గట్టిగా గుర్తులేకపోతే దాన్ని వదిలేసి నియమంలోని విషయాన్ని రాయండి. తప్పు సంఖ్య వేస్తే సరిగ్గా రాసిన మిగతా విషయాలపైనా నమ్మకం పోతుంది. పాయింట్లుగా రాయాలా, పేరాలుగా రాయాలా అని చాలామంది అడుగుతారు. కారణం, ఫలితం కలిపి చెప్పవలసిన చోట పేరానే రాయాలి; సిఫారసుల వంటివి వరుసగా ఇవ్వవచ్చు.

సాధన ఎలా చేయాలి?

వారానికి కొన్ని ప్రశ్నలను గడియారం ముందు పెట్టుకుని, పుస్తకం మూసి రాయండి. రాసిన జవాబును ఒకటి రెండు రోజులు పక్కన పెట్టి, ప్రశ్నను చూడకుండా చదవండి. ఏ ప్రశ్నకు రాసిన జవాబో దాన్ని బట్టే ఊహించగలగాలి. ‘పంచాయతీరాజ్ గురించి ఏదో’ అని మాత్రమే తోస్తే మళ్లీ రాయాలి. గ్రంథాలయంలో పక్కన చదువుకునే మిత్రుడితో ఈ పని చేయిస్తే ఇంకా మేలు, ఎందుకంటే మన మనసులో ఉన్న వాదం కాగితం మీదికి వచ్చిందో లేదో ఇతరులకే సరిగ్గా తెలుస్తుంది.

నోట్సులోని తీర్పులను పరీక్షకు ముందు ఒకసారి సరిచూసుకోవడం మరవకండి. బిల్లుల ఆమోదంలో గవర్నర్ పాత్రే ఇందుకు ఉదాహరణ. తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ద్విసభ్య ధర్మాసనం గవర్నర్లకు గడువులు నిర్దేశించింది. అదే ఏడాది నవంబరులో, రాష్ట్రపతి కోరిన అభిప్రాయంపై, ఐదుగురు సభ్యుల ధర్మాసనం అలాంటి గడువులను కోర్టులు విధించలేవని చెబుతూనే, బిల్లులను నిరవధికంగా తొక్కిపెట్టడానికి వీల్లేదని స్పష్టం చేసింది. ఏప్రిల్ నోట్సుతోనే పరీక్షకు వెళ్లినవారు ఎంత చక్కటి వాదం కట్టినా దాని పునాది పాతబడి ఉంటుంది. కాబట్టి నోట్సులో ప్రతి తీర్పు పక్కన సంవత్సరం, నెల, ధర్మాసనంలోని న్యాయమూర్తుల సంఖ్య రాసి, తర్వాత వచ్చే మార్పు కోసం మార్జిన్‌లో కొంత ఖాళీ వదలండి.