వెలిగమలో ఒళ్లు ఒరుసుకుపోతే నేనేం చేశానంటే

శ్రీలంక దక్షిణ తీరంలో వెలిగమ అలల మీద బోర్డు ఎక్కడం, అంటే సర్ఫింగ్, నేర్చుకునేవాళ్లకి మంచి ఊరు. అడుగున పగడపు రాళ్లు కాకుండా ఇసక ఉంటుంది, నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం అనుకూలం. కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో రైలెక్కి, సముద్రం కనబడేలా కుడివైపు కిటికీ పట్టుకుని వెళ్లాను.

రెండో రోజుకే పొట్ట, మోకాళ్లు ఒరుసుకుపోయి ఎర్రబడ్డాయి. ఉప్పునీళ్లు తగిలితే కారం రాసినట్టే. డార్మిటరీలో బోర్లా పడుకోలేకపోయాను.

తప్పు నా కాటన్ టీషర్టుది. తడిసిన గుడ్డలో ఇసక చేరుతుంది, బోర్డు మీద జారకుండా రాసే మైనం దాన్ని పట్టుకుంటుంది. తెడ్డేసినట్టు చేతులాడించిన ప్రతిసారీ అది చర్మాన్ని గీకుతుంది. కొబ్బరినూనె రాసుకున్నాను, అది ఇంకా పొరపాటు: మర్నాడు బోర్డు మీద పట్టే దొరకలేదు.

నేర్పించే అతను నన్ను "మల్లీ" అనేవాడు. సింహళంలో తమ్ముడని అర్థం. వాళ్ల నోట ఆ మాట ఎంత బావుంటుందో! అతని సలహా మీద ఒకరోజు నీళ్లలోకి దిగలేదు. మంచినీళ్లతో కడిగి ఫ్యాను గాలికి ఆరబెట్టాను. తర్వాత ఒంటికి అంటుకునే లైక్రా ఫుల్‌హ్యాండ్స్ చొక్కా, మోకాళ్లు దాటే టైట్స్ కొన్నాను. కుట్లు తగిలే చంకల్లో మాత్రం కాస్త వాజలీన్. అరచేతులకి, పాదాలకి అస్సలు వద్దు.

ఐదోరోజు రెండు గంటలు నీళ్లలోనే ఉన్నాను. మంట లేదు.