విల్లుకు బిగించిన కెమెరా: వీడియో ఎక్కడ చెడుతోంది, ఎలా సరిచేయాలి

విదేశాల్లో విల్లుతో వేటకెళ్లేవాళ్లు కెమెరాను విల్లుకే బిగించి తమ వేటను తామే వీడియో తీసుకుంటారు. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. కాబట్టి ఇక్కడ బాణం ఎదుట ఉండేది కాగితం టార్గెట్టో, ఫోమ్‌తో చేసిన జింక బొమ్మో. కెమెరా పెట్టే ఇబ్బందులు మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆర్చర్లు వెన్నం జ్యోతి సురేఖ, బొమ్మదేవర ధీరజ్ ఎదిగిన విజయవాడలో చిన్నపిల్లలు కూడా కాంపౌండ్ బో (కొసల్లో చక్రాలుండే విల్లు) పట్టుకుంటారు. వాళ్ల రిలీజ్‌లో (బాణం వదిలే తీరులో) తప్పు దొరకాలంటే కంటికంటే వీడియో మేలు, ఆ వీడియో సరిగ్గా తీస్తేనే.

వీడియో బాగా రాకపోతే అందరూ ముందు సెట్టింగుల్లోకి వెళ్తారు. తప్పు ఎక్కువగా ఉండేది బిగింపులో. ముందు బిగింపు, తర్వాత కెమెరా పెట్టిన చోటు, ఆ తర్వాతే సెట్టింగులు చూడండి.

సమస్య: బాణం వదలగానే వీడియోలో బొమ్మ జెల్లీలా వణుకుతోంది, లేదా రోజురోజుకీ కెమెరా కొంచెం కొంచెం పక్కకి తిరుగుతోంది

కారణం దాదాపు ఎప్పుడూ మరలోనే (థ్రెడ్‌లోనే) ఉంటుంది. విల్లు రైజర్‌లో (పిడి ఉండే మధ్య భాగంలో) స్టెబిలైజర్ (విల్లు కదలకుండా ముందు బిగించే కడ్డీ) బిగించే రంధ్రం 5/16-24 మర, అంటే లావు అంగుళంలో 5/16 వంతు, అంగుళానికి 24 చుట్లు. కెమెరాలకూ ట్రైపాడ్‌లకూ ఉండేది 1/4-20 మర. ఈ రెంటినీ కలిపే అడాప్టర్ దొరక్క చాలామంది ఇంట్లో ఉన్న ఎం8 బోల్టు తిప్పేస్తారు. కొలిచి చూస్తే తేడా కనబడుతుంది. 5/16 మర లావు 7.94 మిల్లీమీటర్లు, ఎం8 లావు 8. చూపుకి రెండూ ఒకటే. కానీ 5/16-24లో ఒక చుట్టుకీ ఇంకో చుట్టుకీ దూరం 1.06 మిల్లీమీటర్లు, మామూలు ఎం8లో 1.25. అందుకే చేత్తో ఒకటి రెండు చుట్లు ఎక్కి ఆగిపోతుంది. అక్కడ స్పానర్ పట్టి బలవంతంగా తిప్పితే ఎక్కుతుంది, ఎక్కుతూ రైజర్ అల్యూమినియం మరని చెరిపేస్తుంది. బోల్టు బయటికి తీసినప్పుడు దాని చుట్లలో వెండి రంగు పొడి మెరుస్తూ కనిపిస్తే మర పోతున్నట్టే. ఇంక తిప్పొద్దు.

పరిష్కారం: రైజర్ వైపు 5/16-24, కెమెరా వైపు 1/4-20 ఉన్న అడాప్టర్ వాడాలి. రెడీమేడ్ దొరక్కపోతే ఆటోనగర్‌లో లేత్ పని చేసేవాళ్ల దగ్గర స్టెయిన్‌లెస్ కడ్డీ ఇచ్చి తిప్పించుకోవచ్చు. అయితే నోటితో చెప్పి రాకండి. స్టెబిలైజర్‌నీ, ట్రైపాడ్ మరనీ వెంట తీసుకెళ్లి నమూనాగా ఇవ్వండి. రైజర్‌లోకి వెళ్లే భాగం స్టెబిలైజర్ మర ఎంత పొడవో అంతే ఉండాలి. పొడవెక్కువైతే అడుగున తగిలి, బిగిసినట్టే అనిపించి వదులవుతుంది.

రైజర్‌కీ అడాప్టర్‌కీ మధ్య ఒక స్ప్రింగ్ వాషర్ వేసి, చేత్తో ఆగేవరకూ తిప్పి, అలెన్ కీతో పావు చుట్టు ఇస్తే చాలు. ఇంకా వదులవుతుంటే నీలం రంగు థ్రెడ్ లాకర్ ఒక్క బొట్టు వేసి 24 గంటలు ఆరనివ్వండి. ఎర్రది వద్దు, మళ్లీ తీయాలంటే వేడి చేయాల్సి వస్తుంది. బిగించాక అడాప్టర్ మీంచి రైజర్ మీదికి తెల్ల పెయింట్ పెన్నుతో ఒక సన్నటి గీత గీయండి. గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగిందంటే వదులైనట్టు. ప్రతి 30 బాణాలకీ ఒకసారి ఆ గీత చూడండి.

బిగింపు ఆగుతుందో లేదో చూడటానికి బాణం లేకుండా స్ట్రింగ్ లాగి వదలొద్దు. ఆ శక్తంతా లింబ్స్‌లోకే (వంగే విల్లు రెక్కల్లోకే) పోయి అవి విరగొచ్చు, కేబుల్ ఎగిరి మొహానికి తగలొచ్చు. దగ్గరి టార్గెట్‌కి బాణంతోనే పరీక్షించండి.

సమస్య: కెమెరా పెట్టాక టార్గెట్ మీద బాణాల గుంపు కిందికో పక్కకో జారింది

యాక్షన్ కెమెరా 150 గ్రాములు, క్లిప్పు, అడాప్టర్ కలిపితే 200 దాకా వస్తుంది. దాన్ని పొడుగు స్టెబిలైజర్ చివర పెడితే విల్లు ముందుకి వాలుతుంది. బొమ్మ వణుకు కూడా అక్కడే ఎక్కువ. కాబట్టి చివర వద్దు, రైజర్ మీద పిడికి కింద ఉన్న ముందు రంధ్రం మంచిది. చివరే పెట్టాల్సి వస్తే స్టెబిలైజర్‌కి ఉండే ఒక్కో ఔన్సు బరువు బిళ్లలు ఐదు తీసేయండి, అవి 140 గ్రాములు, దాదాపు కెమెరా బరువు. ఆ తర్వాత 30 మీటర్ల నుంచి కెమెరాతో 6 బాణాలు, తీసేసి 6 బాణాలు వేసి రెండు గుంపుల మధ్యలు పోల్చండి. తేడా సైట్‌లో (విల్లు మీది గురి పరికరంలో) సరిచేసి, కెమెరాతో ఒకటి, లేకుండా ఒకటి, ఆ రెండు సైట్ అంకెలూ విల్లు కేసు లోపల రాసిపెట్టుకోండి.

కెమెరాకి తాడు కట్టే అలవాటు ఉంటే మానుకోండి. పడిపోకుండా కట్టిన తాడే స్ట్రింగ్‌కో కామ్‌కో (విల్లు కొసన తిరిగే చక్రానికో) చుట్టుకుంటుంది.

సమస్య: బాణం కనబడటం లేదు, గాలిలో ఒక మసక గీతే ఉంది

కాంపౌండ్ బాణం వేగం సెకనుకి 85 మీటర్లనుకుందాం. 50 మీటర్ల టార్గెట్‌కి చేరడానికి సుమారు 0.6 సెకన్లు. సెకనుకి 30 ఫ్రేముల్లో తీస్తే ఒక ఫ్రేముకీ ఇంకోదానికీ మధ్య బాణం దాదాపు 2.8 మీటర్లు వెళ్లిపోతుంది. 240 ఫ్రేముల్లో అయితే 35 సెంటీమీటర్లు. అది ఒక లెక్క. రెండోది షట్టర్. సెకనులో 1/1000 వంతు పెట్టినా ఆ ఒక్క క్షణంలో బాణం 8.5 సెంటీమీటర్లు కదులుతుంది, అందుకే గీతలా పడుతుంది. 1/4000 అయితే రెండు సెంటీమీటర్ల చిల్లర, అప్పుడు నాక్ (స్ట్రింగ్‌కి తగిలించే బాణం తోక కొస) ఆకారం కూడా తెలుస్తుంది.

దానికి ఎండ కావాలి. ఉదయం 8 తర్వాత బయలు వెలుతురులో 240 ఫ్రేములు, 1/2000 నుంచి 1/4000 హాయిగా వస్తాయి. సాయంత్రం 6 దాటాక రావు. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా సున్నితత్వం) పెరిగి గింజలు గింజలుగా కనబడుతుంది. ఆ వేళ వెలిగే నాక్ పెట్టి మామూలు వేగంలో తీసుకుంటే బాణం దారి అయినా తెలుస్తుంది.

ఇంకో మాట. బాణం స్ట్రింగ్ మీంచి విడిపోవడానికి పట్టేది సుమారు 12 మిల్లీసెకన్లు. 240 ఫ్రేముల్లో అది మూడు ఫ్రేములు మాత్రమే. ఆ మూడింటిని చూసి నాకింగ్ పాయింట్ (స్ట్రింగ్ మీద నాక్ తగిలించే చోటు) మార్చేయొద్దు. దానికి బాణాన్ని కాగితంలోంచి వదిలి చిరుగు చూసే పరీక్ష ఉంది.

సమస్య: వీడియోలో చెయ్యి వంగినట్టుంది, కోచ్ చూస్తే నిటారుగానే ఉంది

ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు. బొమ్మ శుభ్రంగా ఉంటుంది కాబట్టి నమ్మేస్తాం, నమ్మి డ్రా లెంగ్త్ (స్ట్రింగ్ లాగే పొడవు) మార్చేస్తాం. నెల తర్వాత భుజం నొప్పి.

యాక్షన్ కెమెరా వెడల్పు లెన్స్ అంచుల్లో సరళరేఖల్ని వంచుతుంది. మీటరు దూరంలో పెడితే విల్లు పట్టిన చేయి బొమ్మ అంచుకొచ్చి వంగుతుంది. పైగా కెమెరా భుజానికి కింద పెట్టి పైకి చూపితే యాంకర్ (లాగిన చెయ్యి మొహానికి ఆనే చోటు) ఉన్నదానికంటే ఎత్తుగా కనబడుతుంది.

కాబట్టి ఒంటి తీరు చూడటానికి విల్లు మీది కెమెరా పనికిరాదు. ట్రైపాడ్ పెట్టండి. షూటింగ్ లైన్ (నిలబడి బాణం వేసే గీత) మీదే, ఆర్చర్ ఛాతీకి ఎదురుగా, 4 నుంచి 5 మీటర్ల దూరంలో. లెన్స్ ఎత్తు ఆర్చర్ భుజం ఎత్తుకి సమానం. లెన్స్ సెట్టింగ్ లీనియర్ (గీతల్ని వంచనిది), ఫోన్ అయితే 2ఎక్స్. వెడల్పు లెన్స్ వద్దు. ఆర్చర్ ఫ్రేము మధ్యలో ఉండాలి.

కెమెరా వాలిందో లేదో తేల్చడానికి తాపీమేస్త్రీలు వాడే గుండు దారాన్ని ఆర్చర్ వెనక షెడ్డు దూలానికి వేలాడదీయండి. బొమ్మలో ఆ దారం ఫ్రేము అంచుకి సమాంతరంగా ఉంటే కెమెరా నిటారు. ఏ యాప్ కంటే ఆ దారం నమ్మదగ్గది. విల్లు పక్కకి వాలుతుందో లేదో ఛాతీ వైపు నుంచి తెలియదు. అది చూడాలంటే ట్రైపాడ్‌ని ఆర్చర్ వెనక, బాణం దారికి సూటిగా పెట్టాలి. అప్పుడు గుండు దారం టార్గెట్ పక్కన ఫ్రేములో కనబడేలా ఉండాలి.

ట్రైపాడ్‌ని షూటింగ్ లైన్‌కి ముందు పెట్టొద్దు. లైన్ మీద ఒక్కరు విల్లు పట్టుకుని ఉన్నా కెమెరా సర్దడానికి ముందుకు వెళ్లొద్దు. టార్గెట్ దగ్గరి బొమ్మ కావాలంటే జూమ్ ఉన్న కెమెరాతో వెనక నుంచే తీయండి.

సమస్య: రాత్రి లైట్ల కింద నలుపు చారలు

మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి. కెమెరాలో 50 హెర్ట్జ్ ఎంచుకుని 25 లేదా 50 ఫ్రేములు, షట్టర్ 1/100 పెడితే చారలు పోతాయి. స్లోమోషన్‌కి ఇది కుదరదు, దాన్ని పగలే తీసుకోండి.

సమస్య: ఎండాకాలం కెమెరా మధ్యలో ఆగిపోతోంది

మేలో నీడలోనే 42 డిగ్రీలున్నప్పుడు నల్లటి కెమెరా ఎండలో అరగంట కూడా నిలవదు. ఎడతెగకుండా రికార్డ్ చేయడం మానండి. ఒక్కో ఎండ్‌కి (ఒక విడత బాణాలకి) ఆన్ చేసి, బాణాలు తెచ్చుకునేటప్పుడు ఆపండి. తీసేటప్పుడు వైఫై ఆపేయండి. కెమెరా మీద తెల్ల గుడ్డముక్క నీడలా కప్పండి, లెన్స్ ముందుకి జారకుండా. ఐస్ ప్యాక్ పెట్టొద్దు, లోపల తేమ చేరుతుంది. ఏసీ గదిలోంచి నేరుగా కృష్ణ ఒడ్డు గాలిలోకి తెచ్చినప్పుడు లెన్స్ మీద మంచు పట్టేదీ అందుకే. 20 నిమిషాలు సంచిలోనే ఉంచి తీయండి.

మధ్యలో ఆగడానికి వేడి కాక ఇంకో కారణం కార్డు. సెకనుకి 100 మెగాబిట్ల వీడియో గంటకి 45 జీబీ తింటుంది. వీ30 గుర్తున్న (వేగంగా రాసుకునే) కార్డు వాడండి, కంప్యూటర్లో కాకుండా కెమెరాలోనే ఫార్మాట్ చేయండి.

సమస్య: ఫోన్ వీడియో ఎడిట్ చేస్తుంటే శబ్దం ముందుకో వెనక్కో పోతోంది

ఫోన్లు ఫ్రేము వేగాన్ని తమంతట తామే మారుస్తుంటాయి. హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిరమైన ఫ్రేము వేగానికి మార్చుకుని తర్వాత ఎడిట్ చేయండి. రెండు కెమెరాలు వాడితే మొదట్లో ఒకసారి చప్పట్లు కొట్టండి, రెండు వీడియోల్లో ఆ శబ్దాన్ని కలిపితే చాలు.

పోటీలకి ముందు

అంతర్జాతీయ సమాఖ్య వరల్డ్ ఆర్చరీ నిబంధనల కింద జరిగే పోటీల్లో విల్లుకి ఎలక్ట్రానిక్ పరికరం ఏదీ ఉండకూడదు, బాణానికి వెలిగే నాక్ కూడా. కనీసం నాలుగు రోజుల ముందే కెమెరా, అడాప్టర్ తీసేసి, తీసిన బిళ్లలన్నీ లెక్కపెట్టి తిరిగి బిగించండి. కేసులో రాసుకున్న కెమెరా లేని సైట్ అంకెకి వచ్చి, 50 మీటర్లలో 36 బాణాలు వేసి గుంపు పాత చోటికి వచ్చిందో లేదో చూడండి.