పాత కత్తులు చవగ్గా దొరికేది అద్దాల బీరువాలో కాదు

అమెరికాలో యాంటిక్ షాపుకి వెళ్తే అద్దాల బీరువా దగ్గర ఆగిపోకండి. అందులోకి ఎక్కిన కత్తికి ధర కూడా ఎక్కేసి ఉంటుంది. గరిటెలు, జల్లెడలు కలిపి పడేసిన డబ్బాలు వెతకండి. మంచి వంటింటి కత్తులు చాలాసార్లు అడుగున ఉంటాయి. చెయ్యి పెట్టి కెలకొద్దు, పైవి ఒక్కొక్కటే తియ్యండి.

నల్లబడటం లోపం కాదు. కార్బన్ స్టీలు వాడేకొద్దీ అలాగే రంగు మారుతుంది, పదును మాత్రం తేలిగ్గా ఎక్కుతుంది. పైపై తుప్పయితే అలుగుని (కోసే ఉక్కు భాగాన్ని) మాత్రమే వెనిగర్‌లో కాసేపు ఉంచి తోమితే పోతుంది. అంచు దగ్గర గుంటలు పడితే ఎంత చవకైనా వదిలెయ్యండి. కత్తి వీపు (అంచుకి ఎదురు వైపు) వెంబడి ఒక కన్నుతో చూస్తే వంకర తెలిసిపోతుంది. కూరగాయల కత్తయితే అంచుని బల్ల మీద ఆనించండి. మధ్యలో సందు కనిపిస్తే అతిగా సానపట్టి అరగదీశారన్నమాట. అంచు మీద నీలం మరక ఉంటే గ్రైండర్ వేడికి ఉక్కు మెత్తబడినట్టే. నేనైతే ముట్టుకోను.

అలుగు మీది తయారీ ముద్ర చదవడానికి ఫోన్ లైటు ఏటవాలుగా వెయ్యండి. కత్తులకి పేరుపడ్డ ఊళ్ళు షెఫీల్డ్ (ఇంగ్లండ్), సోలింగెన్ (జర్మనీ) పేర్లు కనిపిస్తే ఇంకాస్త శ్రద్ధగా చూడండి. అమెరికాకి దిగుమతయ్యే సరుకు మీద దేశం పేరు 1891 నుంచి తప్పనిసరి అయింది, వయసు అంచనాకి అదొక ఆధారం. అమెరికా కంపెనీ కేస్ చేసిన జేబు కత్తులు ఇంకా సులువు: 1970 నాటి ముద్ర కింద 10 చుక్కలు, ఏటా ఒకటి తగ్గుతూ 1979కి ఒక్కటే.

పిడి వదులైతే బేరమాడండి, బిగించుకోవచ్చు.