నరాల అల్ట్రాసౌండ్ – 4వ పాఠం: తెగిన నరం, నరంలో గడ్డ

పోయినసారి మణికట్టు దగ్గర మీడియన్ నరాన్ని (ముంజేయి మధ్యగా అరచేతిలోకి పోయే నరం) కొలిచి బొమ్మలు పంపమన్నాను. అవి చూశాక ఈ పాఠాన్ని అనుకున్న చోట మొదలుపెట్టలేకపోతున్నాను. చాలామంది గీత గీసింది నరం చుట్టూ కాదు, పక్కనున్న టెండన్ (కండను ఎముకకు కలిపే తాడు) చుట్టూ. చర్మం మీద ఆనించే ప్రోబ్ కాస్త వాలితే చాలు, టెండన్ నల్లబడిపోతుంది. నల్లగా, గుండ్రంగా కనబడిందే నరమని కొలిచేశారు.

ప్రోబ్‌ను ఉన్నచోటే ఉంచి ముందుకీ వెనక్కీ వాల్చి చూడండి. టెండన్ ఒకసారి తెల్లగా వెలిగి, మరుక్షణం నల్లబడుతుంది. నరం అంతగా మారదు, లోపలి తేనెపట్టు గళ్లు కనబడుతూనే ఉంటాయి. అయినా తేలకపోతే ముంజేతి మీదుగా పైకి జరపండి. టెండన్ కండలో కలిసిపోతుంది. నరం మాత్రం రెండు కండల పొరల మధ్య నరంలాగే సాగుతుంది. నేనైతే మణికట్టు దగ్గర వెతకనే వెతకను. ముంజేయి మధ్యలో నరాన్ని పట్టుకుని కిందికి దిగుతాను.

కొలత పిసిఫార్మ్ ఎముక (మణికట్టు దగ్గర చిటికెనవేలి వైపు తగిలే చిన్న ఎముక) మట్టంలో తీయాలి. గీత తెల్లటి అంచుకు లోపలే ఉండాలి. వైశాల్యం 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే నరం మణికట్టు దగ్గర నొక్కుకుందని అనుమానిస్తాను. కొన్నిచోట్ల 9 అంటారు, కొన్నిచోట్ల 12 అంటారు. అందుకే అదే చేతి ముంజేయిలోనూ కొలిచి, మణికట్టు కొలత దానికి ఎన్ని రెట్లుందో చూడటం నాకిష్టం. అది 1.4 దాటితే నొక్కుడు ఉందన్న నమ్మకం పెరుగుతుంది. నరం రెండుగా చీలి ఉన్నవాళ్లలో రెండు పాయల్నీ కొలిచి కలపండి.

ఇక దెబ్బ తిన్న నరం. సర్జన్ సెడన్ 1943లో నరాల గాయాలకు చేసిన మూడు తరగతుల విభజన (నరం పని కొన్నాళ్లు ఆగడం, లోపలి పోగులు తెగడం, నరమే తెగడం) మీకు తెలిసిందే. అయితే సర్జన్ మనల్ని అడిగేది ఒక్కటే: నరం తెగిందా, కలిసే ఉందా? మొదటి రోజుల్లో నర్వ్ కండక్షన్ పరీక్ష (నరంలో కరెంటు ఎలా పోతోందో చూసేది) ఆ తేడా చెప్పలేదు. ఈఎంజీలో (కండలోని కరెంటును సూదితో చూసే పరీక్ష) కండ నరం కోల్పోయిన జాడలు బయటపడటానికే రెండు మూడు వారాలు పడుతుంది. అల్ట్రాసౌండ్‌లో వాపు, గడ్డకట్టిన రక్తం అడ్డొచ్చినా చాలాసార్లు తొలి రోజుల్లోనే చూడొచ్చు.

భుజం నుంచి మోచేయిదాకా ఉండే భుజం ఎముక విరిగి మణికట్టు వాలిపోయిన మనిషిని తీసుకోండి. విరిగిన చోటికి నేరుగా వెళ్లకండి. మోచేతికి కాస్త పైన, బయటి వైపు, బ్రాకియాలిస్, బ్రాకియోరేడియాలిస్ కండల మధ్య రేడియల్ నరం బాగానే ఉంటుంది. అక్కడ పట్టుకుని పైకి వెళ్లండి, తర్వాత పైనుంచి కిందికి రండి. నరం ఉబ్బి గళ్లు చెదిరాయా, ఎముక అంచు మీద సాగదీసినట్టుందా, ఎముకకు బిగించిన ప్లేటు కింద ఇరుక్కుందా చూడండి. తెగితే రెండు కొసలూ వెనక్కి లాక్కుపోతాయి. వాటి మధ్య దూరాన్ని నరం పొడవు వెంట కొలవండి, చర్మం మీద కొసల చోట పెన్నుతో గుర్తుపెట్టండి. సర్జన్‌కు మీ రిపోర్టు కన్నా ఆ రెండు గుర్తులు ఎక్కువ పనికొస్తాయి. గాజు కోసిన మణికట్టుకైనా, పిరుదు ఇంజెక్షన్ తర్వాత కాలు ఈడుస్తున్న పిల్లాడి స్కియాటిక్ నరానికైనా పద్ధతి ఇదే. నరం కలిసే ఉంటే ‘కొనసాగింపు ఉంది’ అని రాయండి. ‘నరం నార్మల్’ అని మాత్రం రాయకండి. కలిసి ఉన్న నరం పనిచేస్తోందని అర్థం కాదు.

గడ్డల దగ్గర నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ‘సిస్ట్’. ష్వానోమా (నరం తొడుగు నుంచి పుట్టే గట్టి గడ్డ) నల్లగా, నున్నగా ఉంటుంది, దాని వెనుక తెల్లటి మెరుపు కూడా వస్తుంది. అచ్చం నీటితిత్తిలా కనబడుతుంది. రిపోర్టులో సిస్ట్ అని పడితే ఎవరో చిన్న మత్తిచ్చి కోసేస్తారు, దాంతోపాటు నరం పోతుంది. లింఫ్ గ్రంథి అని పడితే సూది గుచ్చుతారు, మనిషి కరెంటు కొట్టినట్టు ఎగిరిపడతాడు. కాబట్టి ఆ మాట రాసేముందు గెయిన్ (బొమ్మ వెలుగు) పెంచండి, నీరైతే నల్లగానే ఉంటుంది, గట్టి గడ్డలో సన్నటి చుక్కలు తేలతాయి. రక్తం పారడాన్ని రంగులో చూపే డాప్లర్ స్కేలు తగ్గించండి. ప్రోబ్‌ను ఆనీ ఆననట్టు పట్టుకోండి, నొక్కితే చిన్న రక్తనాళాలు మూసుకుపోయి గడ్డలో రక్తమే లేదనిపిస్తుంది. వేలితో తడితే జిల్లుమంటోందా అని అడగండి. అన్నిటికన్నా ముఖ్యంగా ప్రోబ్‌ను నరం పొడవు వెంట తిప్పి గడ్డ రెండు చివరలూ చూడండి. ఒకవైపు నరం లోపలికి పోయి, రెండోవైపు బయటికి వస్తుంటే అది సిస్ట్ కానే కాదు. చాలా సన్నటి నరమైతే ఆ తోక కనబడకపోవచ్చు. అలాంటప్పుడు డాప్లర్‌నే ఎక్కువ నమ్ముతాను.

నరంలోనే నిజమైన నీటితిత్తి కూడా ఉంటుంది. మోకాలి కింద బయటి వైపు, ఫిబులా ఎముక మెడ దగ్గర పెరోనియల్ నరంలో వచ్చి పాదాన్ని వాల్చేస్తుంది. అది పైన కాలి ఎముకలు రెండూ, అంటే టిబియా, ఫిబులా కలిసే కీలు నుంచి సన్నటి కొమ్మ వెంట పాకుతుంది. ఆ కొమ్మను కీలుదాకా వెతికి రాయండి, దాన్ని మూయకపోతే తిత్తి మళ్లీ వస్తుంది.

గడ్డ నరానికి ఒక పక్కన ఉంటే ష్వానోమా, నడిమధ్య ఉంటే న్యూరోఫైబ్రోమా (నరంలో వచ్చే మరో రకం గడ్డ) అంటారు. నేను ఆ మొగ్గు రాస్తాను గానీ తేల్చి చెప్పను. న్యూరోఫైబ్రోమటోసిస్ (ఇలాంటి గడ్డలు చాలా వచ్చే జన్యు జబ్బు) ఉన్న మనిషిలో గడ్డ త్వరగా పెరుగుతున్నా, నొప్పి పుడుతున్నా, 5 సెంటీమీటర్లు దాటినా ఎంఆర్‌ఐకి పంపడంలో ఆలస్యం చేయకండి.

మన ప్రాంతాల్లో లావైన అల్నార్ నరం (మోచేతి లోపలి వైపు నుంచి చిటికెనవేలి దాకా పోయేది) కనబడితే కుష్ఠును మరవకండి. మోచేతి సొరంగంలో నొక్కుకున్న నరం అక్కడే ఉబ్బుతుంది. కుష్ఠులో ఉబ్బు మోచేతి ఎముకకు కొన్ని సెంటీమీటర్ల పైన ఎక్కువ. నరం లోపల డాప్లర్ రంగు వెలిగితే రియాక్షన్ (కుష్ఠులో నరం ఒక్కసారిగా వాచిపోవడం) ఉండొచ్చని అదే రోజు ఫోన్ చేసి చెప్పండి. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి.

అభ్యాసం: మీ సొంత చేతి అల్నార్ నరాన్ని మణికట్టు నుంచి చంకదాకా ప్రోబ్ ఎత్తకుండా వెంబడించండి. మధ్యలో జారిపోతే మళ్లీ మణికట్టు నుంచే. ముంజేయిలో ధమని దాన్ని ఎక్కడ వదిలేస్తుందో గుర్తుపెట్టుకోండి. తర్వాత రెండో చెయ్యి. ఆపైన రేడియల్ నరం, భుజం ఎముక వెనుక నుంచి మోచేతి దగ్గర రెండుగా చీలేదాకా. ఈసారి నిలిచిపోయిన బొమ్మలు పంపకండి, వీడియో క్లిప్పులే పంపండి. ప్రోబ్ వాల్చినప్పుడు ఏది మారిందో, ఏది మారలేదో నాకు కనబడాలి.